ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్న భోజనం సంగతి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల నిండా బాల్కనీ గది గొప్పలు రాసి, ఆఖరి పేజీలో మూలకి ఇరికించి ఒక ప్రశ్న అడిగావు చూడు, "ఇంతకీ ఎక్కిన రోజు మధ్యాహ్నం ఎక్కడ తినాలి?" అని. ఉత్తరమంతా దాని కోసమే రాశావని నాకు తెలియదా? ఆకలేస్తే నీ మొహం ఎలా మారిపోతుందో మూడేళ్ళు ఒకే గదిలో ఉండి చూసినవాణ్ణి. పైగా ఈసారి చెల్లెమ్మ, పిల్లలు, అమ్మగారు కూడా వెంట ఉంటారంటున్నావు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు నా భాగోతం విను. మొదటిసారి క్రూయిజ్‌కి, అదే ఓడలో విహారయాత్రకి, వెళ్ళినప్పుడు నాకూ ఏమీ తెలీదు. రేవు టెర్మినల్‌లో క్యూ, సెక్యూరిటీ, ఓడలో వాడే గుర్తింపు కార్డు కోసం ఫొటో, అన్నీ అయ్యేసరికి పన్నెండున్నర. పొద్దున తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. ఓడలో కాలు పెట్టగానే ఎదురొచ్చిన అమ్మాయి నవ్వుతూ "గదులు ఇంకా రెడీ కాలేదండీ, పైన బఫేలో భోజనం చేసేయండి" అంది. పాపం నన్ను చూసి జాలిపడి చెప్పిందనుకున్నాను. లిఫ్టు దగ్గరికి వెళ్తే తెలిసింది, ఎక్కిన ప్రతివాడికీ అదే మాట చెబుతోందని. మూడు లిఫ్టులు నిండుగా వెళ్ళిపోయాక నాలుగోదాంట్లో దూరాను. పైన ఇసుక వేస్తే రాలనంత జనం.

ఇప్పుడు నన్ను ఊహించుకో. భుజాన బ్యాగు, చంకలో కోటు, ఎడం చేత్తో చక్రాల సూట్‌కేసు, కుడి చేతిలో ప్లేటు. ప్లేటులో చేప ముక్క, సలాడ్, అంచున ఒక కప్పు సూప్. ఆ సూప్ తీసుకోవడం ఎంత తెలివితక్కువ పనో రెండడుగులు వేశాక అర్థమైంది. సూట్‌కేసు ఏ కుర్చీ కాలికి తగిలినా కప్పు కాస్త అంచువైపు జరిగేది. నేను ప్లేటుని ఇటు వంచితే చేప అటు జరిగేది. ఖాళీ టేబుల్ కోసం కాలు గాలిన పిల్లిలా తిరిగాను. ఒకటి ఖాళీగా కనిపిస్తే దాని మీద ఎవరిదో టోపీ. ఇంకోటి కనిపిస్తే దాని మీద సన్‌స్క్రీన్ ట్యూబు. ఇరవై నిమిషాలు అలా ఊరేగి, చివరికి ఈతకొలను దగ్గర తువ్వాళ్ళు ఇచ్చే బల్ల అంచున ప్లేటు పెట్టుకుని నిలబడి తిన్నాను. అప్పటికి సూప్ చల్లారిపోయింది. కోటు చెయ్యి అందులో మునిగింది కూడా.

అసలు ఒళ్ళు మండింది మాత్రం రాత్రి. డైనింగ్ రూమ్‌లో భోజనాల దగ్గర మా టేబుల్లో ఒక పెద్దాయన, చాలాసార్లు ఓడ ఎక్కినవాడు, మాటల మధ్య అన్నాడు: "మధ్యాహ్నం కూడా మేం ఇక్కడే తిన్నాం, ప్రశాంతంగా ఉంది, సగం టేబుళ్ళు ఖాళీ." తెల్లగుడ్డ పరిచిన టేబుల్, కూర్చున్న చోటికి తెచ్చిపెట్టే వెయిటరు, అంతా టికెట్‌లో కలిసినదే. నేను తువ్వాళ్ళ పక్కన నిలబడి మింగుతున్న సమయానికి నా కాళ్ళ కింద కొన్ని అంతస్తుల దిగువన ఈ వైభోగం నడుస్తోందన్నమాట! నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకో.

బఫే తిండి మీద నాకే కోపమూ లేదురా. మొదటి బంతికే కూర్చోవాలన్న ఆత్రంతో పన్నెండున్నరకి అక్కడ పడటం మీదే నా గొడవంతా. ఆ వేళకి ఎందుకంత రద్దీ అంటే, ఆ రోజు ఓడకి ఒకే పూట రెండు పెళ్ళిళ్ళు. పొద్దున్నే పాత ప్రయాణికులు దిగుతారు, పదకొండు దాటితే కొత్తవాళ్ళు ఎక్కుతారు. మధ్యలో ఉన్న కాస్త టైమ్‌లో వేల పడకల దుప్పట్లు మార్చాలి, బాత్రూములు కడగాలి. 2024లో వచ్చిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' లాంటి ఓడైతే గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా 5,610 మంది, అన్ని పడకలూ నిండితే 7,600 మంది దాకా పడతారు. గదుల తలుపులు తెరిచేది చాలా ఓడల్లో ఒంటిగంటకో ఒకటిన్నరకో. అందాకా వీళ్ళందరినీ ఎక్కడ కూర్చోబెడతారు? పైకి పంపేస్తారు. కంపెనీలు ఇప్పుడు ఎవరెప్పుడు రావాలో టైమ్ ఇస్తున్నాయి గానీ, ఆకలి వేసే టైమ్ అందరికీ ఒకటే కదా.

కాబట్టి నువ్వు ఎక్కగానే అడగాల్సిన మొదటి మాట: "ఈ పూట డైనింగ్ రూమ్ తెరిచారా?" నార్వీజియన్, హాలండ్ అమెరికా అనే కంపెనీల ఓడల్లో సాధారణంగా ఒక డైనింగ్ రూమ్‌లో ఆ మధ్యాహ్నం భోజనం పెడతారు. డిస్నీ ఓడల్లో కూడా బఫేతో పాటు ఇంకో హాలు తెరవడం మామూలే. కొన్ని కంపెనీలు మాత్రం చాలాసార్లు ప్రయాణించినవాళ్ళకో, అదనంగా డబ్బు కట్టినవాళ్ళకో ఆ సౌకర్యం దాచిపెడతాయి. సూట్ అనే పెద్ద ఖరీదైన గది తీసుకున్న మారాజులకి వేరే హాలు ఉంటుంది, అది మన లెక్కలోకి రాదు. నీ ఓడ సంగతి ఫోన్‌లో ఆ కంపెనీ యాప్ తెరిస్తే ఆ రోజు టైమింగులతో సహా కనిపిస్తుంది. కనిపించకపోతే నోరు తెరిచి అడుగు. డైనింగ్ రూమ్ ఉందని వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడిగితే మాత్రం దారి కూడా చూపిస్తారు.

రెండోసారి ప్రయాణంలో నేనదే చేశాను. కిటికీ పక్కన టేబుల్ దొరికింది. ఓడ ఇంకా రేవులోనే ఉంది కాబట్టి సముద్రం బదులు రేవు కనిపిస్తోంది. మొదట కాస్త నిరాశపడ్డాను గానీ, తర్వాత కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఫోర్క్‌లిఫ్టులు చీమల్లా తిరుగుతున్నాయి. చెక్క పలకల మీద సరుకు పేర్చి ప్లాస్టిక్ చుట్టిన పాలెట్లు, ఒకదాంట్లో ఉల్లిపాయ సంచులు, ఇంకోదాంట్లో గుడ్ల అట్టలు నా నెత్తిని మించిన ఎత్తులో. ఒక్కొక్కటీ ఓడ పక్కనున్న తలుపులోంచి లోపలికి మాయమైపోతోంది. వారం రోజుల తిండి కళ్ళ ముందే లోపలికి వెళ్తుంటే, నేను రొట్టెకి వెన్న రాసుకుంటూ చూస్తున్నాను. వెయిటరు వచ్చి రెండోసారి రొట్టెలు పెట్టి వెళ్ళాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గానీ, ఆ రోజు కడబంతీ లేదు, మొదటి బంతీ లేదు, హాలంతా మనదే.

పిల్లలు గంటసేపు కుర్చీలో కూర్చోరని నువ్వంటావు. నిజమే, డైనింగ్ రూమ్‌లో ఒకటి తర్వాత ఒకటి తెచ్చి పెడతారు, టైమ్ పడుతుంది. వాళ్ళకి చిన్న చిన్న చోట్లు బాగుంటాయి. రాయల్ కరీబియన్ వాళ్ళ పెద్ద ఓడల్లో ఒయాసిస్ తరగతి అని ఉంది. వాటిలో నిజం చెట్లతో ఒక తోటే ఉంటుంది, సెంట్రల్ పార్క్ అంటారు. అందులో పార్క్ కెఫే అనే చోట రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్ కోసం జనం పనిగట్టుకుని వెళ్తారు. సలాడ్లూ ఉంటాయి. కార్నివాల్ ఓడల్లో చాలావాటిలో ఈతకొలను పక్కనే గైస్ బర్గర్ జాయింట్, బ్లూ ఇగ్వానా కంటీనా ఉంటాయి. ఒకచోట బర్గర్, ఇంకోచోట టాకోలు, రెండూ టికెట్‌లోనివే. కానీ ఆ బర్గర్ క్యూ కూడా ఒంటిగంటకి కొండచిలువలా ఉంటుంది, అది గుర్తుపెట్టుకో. ప్రిన్సెస్ ఓడలైతే మధ్య హాల్లో ఇంటర్నేషనల్ కెఫే ఉంటుంది. శాండ్‌విచ్, ఏదో ఒక తీపి పట్టుకుని సోఫాలో కూలబడొచ్చు. నార్వీజియన్‌లో కొన్ని ఓడల్లో ఓషీహాన్స్ అని పబ్ లాంటిది ఉంది, అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు. నీ ఓడ ఏ కంపెనీదో ఆ ఒక్క ముక్క మాత్రం రాయలేదు మహానుభావా!

లేదు, పిల్లలకి బఫే చూపించాల్సిందే, నలభై రకాలూ వరసగా కనబడాల్సిందే అంటావా, సరే. రెండింటికి వెళ్ళు. అప్పటికి గదులు ఇచ్చేసి ఉంటారు, సామాను గదిలో పడేసి చేతులూపుకుంటూ వెళ్ళొచ్చు. మొదటి బ్యాచ్ తిని ఈతకొలను మీద పడి ఉంటుంది. కాకపోతే బఫే ఎప్పుడు మూస్తారో ముందే చూసుకో, చాలాచోట్ల మూడూ మూడున్నరకి సర్దేస్తారు. లోపలికి వెళ్ళగానే ప్లేటు తీయకు. అమ్మగారినీ చెల్లెమ్మనీ ముందు టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, ఆ తర్వాత నువ్వూ పిల్లలూ వెళ్ళండి. చాలా ఓడల్లో బఫే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, కుడివైపు ఏముందో ఎడమవైపూ అదే. జనం మాత్రం తలుపు తెరవగానే కనబడ్డ వైపే క్యూ కడతారు. రెండో వైపుకి, అదీ చివరిదాకా నడువు. కొన్ని ఓడల్లో ఓడ వెనక భాగంలో ఆరుబయట కూడా టేబుళ్ళు ఉంటాయి. అక్కడ గాలి బాగుంటుంది.

అమ్మగారు శాకాహారం తప్ప ముట్టరు కదా, ఆవిడకి మాత్రం డైనింగ్ రూమే మేలంటాను. బఫేలో ప్రతి గిన్నె ముందూ పేరు రాసి పెడతారు గానీ, ఒకరు గరిటె తీసి ఇంకోదాంట్లో పెట్టేస్తుంటారు. డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌తో ఆ మధ్యాహ్నమే ఒక మాట చెప్పి పెడితే, రాత్రి నుంచి ఆవిడకి ఏం చేయాలో వాళ్ళే చూసుకుంటారు. మోకాళ్ళ సంగతి కూడా ఆలోచించు. ఆ వేళ లిఫ్టుల కోసం నిలబడటమే ఆవిడకి పెద్ద శిక్ష. డైనింగ్ రూమ్ చాలా ఓడల్లో కింది అంతస్తుల్లోనే ఉంటుంది, మనం ఎక్కే తలుపుకి దగ్గర.

ఇంకో సంగతి, తిండికి సంబంధం లేనట్టు ఉంటుంది గానీ ఉంది. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే డ్రిల్ ఒకటి ఉంటుంది, మస్టర్ అంటారు. ఒకప్పుడు ఎక్కిన 24 గంటల్లోపు ఎప్పుడైనా చేయొచ్చనేవాళ్ళు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది మందికి అప్పటికి డ్రిల్ జరగనేలేదు. ఆ తర్వాత రూలు మారింది. 2015 నుంచి ఓడ బయల్దేరేముందో, బయల్దేరిన వెంటనేనో అది అయిపోవాలి. ఇదివరకు అందరూ లైఫ్ జాకెట్లతో ఎండలో బారులు తీరేవాళ్ళు. ఇప్పుడు చాలా కంపెనీల్లో వీడియో ఫోన్‌లోనో గదిలో టీవీలోనో చూసి, నీకు కేటాయించిన చోటికి ఒకసారి వెళ్ళి కార్డు చూపిస్తే చాలు. ఆ చోటు చాలాసార్లు ఏ డైనింగ్ రూమో, థియేటరో అవుతుంది. భోజనానికి వెళ్ళే దారిలోనే అది కానిచ్చేయ్. లేకపోతే మూడింటికి, పిల్లలు నీళ్ళలో దిగాక, నీ పేరు మైకులో వినబడుతుంది.

చేతులు మాత్రం సబ్బుతో కడిగించు, పిల్లలకీ నీకూ. ఓడల్లో నోరోవైరస్ అని ఒక కడుపు జబ్బు అంటుకుంటుంది. దాని ముందు చేతికి రాసుకునే జెల్ పెద్దగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే గతి. బఫే గుమ్మంలోనే సింకులు పెట్టిన ఓడలూ ఉన్నాయి. కొన్నిచోట్ల సిబ్బంది గుమ్మంలో నిలబడి "వాషీ వాషీ" అని పాటలా పాడుతుంటారు. పిల్లలకి అది తెగ నచ్చుతుంది, వారమంతా నీ ప్రాణం తీస్తారు.

బఫే చుట్టుపక్కల నవ్వు మొహాలతో ఇంకొందరు ఉంటారు, డబ్బులిచ్చి తినే రెస్టారెంట్లకి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు. వాటిలో కొన్ని రెస్టారెంట్లు ఆ మధ్యాహ్నమే తెరుస్తారు కూడా. నన్నడిగితే ఆ పూటకి దండగ. ఆకలి మీద ఉన్నవాడు సంతకం పెట్టే కాగితం ఏదైనా రాత్రి భోజనం అయ్యాక చదువుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

చేతి బ్యాగులో అమ్మగారి మందులు, పిల్లల ఈత బట్టలు పెట్టుకో. టెర్మినల్లో ఇచ్చిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావొచ్చు. అన్నట్టు కడుపు పగిలేలా తినకు. ఓడ కదిలే వేళకి పై డెక్ మీద నిలబడాలి, గంటా రెండు గంటల్లో మళ్ళీ రాత్రి భోజనం. నువ్వు వింటావన్న నమ్మకం లేదనుకో.

వెంటనే జాబు రాయి. ఓడ పేరు రాయి, వాళ్ళ సైట్లో ఏ అంతస్తులో ఏముందో చూపించే డెక్ ప్లాన్ ఉంటుంది, అది ప్రింటు తీసి కవర్లో పెట్టు. ఎక్కే తలుపు దగ్గర్నుంచి డైనింగ్ రూమ్ దాకా ఎర్ర పెన్సిలుతో గీత గీసి తిరుగు టపాలో పంపిస్తాను. చెల్లెమ్మకి ఇవ్వు దాన్ని, నీ దగ్గర ఉంచుకోకు.

నీ
పాత రూమ్మేటు