హెరాల్డ్ చూడ్డానికి వెళ్లేవాళ్లకు

అందరికీ నమస్కారం. నిన్న కళింగపట్నం వైపు ఒక షెడ్డులో అమ్మకానికి ఉన్న స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు చూసొచ్చాను. ఆదివారం మనవాళ్లు ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి ముందే చెప్తున్నా, పెయింట్ మెరుపు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి.

ఈ బండికి బాడీ వేరు, ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) వేరు, బోల్టులతో బిగిస్తారు. సముద్రపు గాలికి ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులే ముందు తుప్పుపడతాయి. చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే సరే, దబ్బుమంటే అనుమానించండి. నేను స్క్రూడ్రైవర్ గుచ్చితే సగం దిగిపోయింది, ఓనరుగారి మొహం చూడాలి! అయస్కాంతం కూడా పట్టుకెళ్లండి, పుట్టీ ఉన్నచోట అంటుకోదు. తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే ఛాసిస్ వంగిందేమో చూడాలి.

ముందు చక్రాల ట్రనియన్లకు, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కింది కీళ్లకు, గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టాలి. మన మెకానిక్కులు అలవాటుకొద్దీ గ్రీజే కొట్టేస్తారు. ఆ కీలు అరిగి విరిగితే చక్రం పక్కకు వాలిపోతుంది. హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగా 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకూ ఇదే జబ్బు. జాకీ వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి.

ఇంజన్ పట్టేసి ఉంది, దానికి టెన్షన్ వద్దు, విప్పితే తేలుతుంది. ఆర్సీ మీద ఛాసిస్ నంబరు కలవకపోతే మాత్రం టీ తాగి వచ్చేయండి.

మంచి జాకీ ఎవరి దగ్గరుంది? నాది లీకవుతోంది.