భీమిలి పిల్లలకు మ్యాట్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆటల సినిమాల్లో మీకు బాగా నచ్చింది ఏదని అడిగితే భీమిలి వాళ్లం తడుముకోకుండా ‘భీమిలి కబడ్డీ జట్టు’ అంటాం. 2010లో వచ్చింది. నాని అప్పటికింకా పెద్ద హీరో కాలేదు. తాతినేని సత్య తీసిన ఈ సినిమా తమిళం నుంచి రీమేక్ అని మాకూ తెలుసు. కథ అక్కడిదైతేనేం, పేరు మా ఊరిది. ఆడిన ప్రతిచోటా ఓడి, ఊళ్లో మాటలు పడే కుర్రాళ్ల జట్టు అది. వాళ్లు గెలవాలని మనకే పంతం వచ్చేస్తుంది.

ఇప్పుడీ లేఖ ఎందుకంటే, కబడ్డీ ఎప్పుడో మట్టి వదిలి మ్యాట్ (మెత్తటి పలకల పరుపు) ఎక్కేసింది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యాక ఆటగాళ్లకు డబ్బూ పేరూ వచ్చాయి, సంతోషమే. 2025 ఆగస్టులో పన్నెండో సీజన్ మొదలైంది కూడా మన విశాఖలోనే. కానీ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు ఇంకా మట్టిలోనే ఆడుతున్నారు. పెద్ద పోటీలు మాత్రం మ్యాట్ మీద.

ఆ తేడా ఆడినవాడికే తెలుస్తుంది. మట్టిలో కూతకెళ్లినవాడు పట్టు తప్పించుకోవడానికి కాలు జారుస్తూ వెనక్కి వస్తాడు. మ్యాట్ మీద అదే పని చేస్తే కాలు అక్కడే పట్టేస్తుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. మోకాలో చీలమండో మెలిపడుతుంది. కింద పడితే మోచేతుల దగ్గర చర్మం లేచిపోతుంది. ఉత్తి కాళ్లతో ఆడి అలవాటైన కుర్రాడికి అరువు బూట్లు తొడిగి కూతకు పంపితే వాడి ధ్యాసంతా కాళ్ల మీదే. ఇక బోనస్ గీత, అంటే దాటితే అదనపు పాయింటు ఇచ్చే గీత. మట్టి కోర్టులో సున్నంతో గీసిన గీత నాలుగు కూతలకే చెరిగిపోతుంది, ఆపైన బోనస్ వచ్చిందో లేదో గొంతు పెద్దదైన జట్టు తేలుస్తుంది. మ్యాట్ మీద ఆ బేరాలు కుదరవు. ఎదుట కనీసం ఆరుగురున్నప్పుడు ఒక కాలు గీత దాటించి రెండోది గాల్లో ఉంచాలి. ఒక కూతకిచ్చే 30 సెకన్లలో ఇవన్నీ చూసుకోవడం సాధనతోనే వస్తుంది. సెలక్షన్ రోజునే మొదటిసారి మ్యాట్ ఎక్కినవాడికి టెన్షన్ తప్ప ఏం ఉంటుంది? చూసేవాళ్లేమో వీడికి ఆట రాదని తేల్చేస్తారు.

ప్రతి బడికీ ఇండోర్ స్టేడియం కట్టమనడం లేదు. అడిగినా కట్టరు లెండి. మ్యాట్ అంటే ఒకదానికొకటి బిగించే పలకలే. విప్పి ట్రాలీ ఆటోలో వేసుకుంటే ఇంకో ఊరికి పోతుంది. మండలానికి ఒకటి కొని, వంతులవారీగా హైస్కూళ్లలో పరిస్తే చాలు. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్లది 12కు 8. కాబట్టి అదే మ్యాట్ మీద అమ్మాయిలకూ గీతలు వేయొచ్చు. వాళ్లకు విడిగా రోజులు కేటాయించాలి, లేకపోతే అబ్బాయిలు మ్యాట్ దిగరు.

సంక్రాంతి పోటీలకు కప్పులు, నగదు బహుమతులు ఇచ్చే పెద్దలకూ ఒక మాట. ఈసారి ఫ్లెక్సీలు తగ్గించి ఆ డబ్బుతో బూట్లు కొనివ్వండి.

మీ విలేకరులు మండలాల వారీగా ఆరా తీసి, ఎక్కడ మ్యాట్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని విప్పకుండా స్టోర్ రూముల్లో మూలుగుతున్నాయో రాస్తే అధికారులు కదులుతారని నా ఆశ.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భీమునిపట్నం