మండలాఫీసు మెట్ల మీద కలిసిన అక్కకు

అక్కా, కంగారులో మీ పేరు కూడా అడగలేదు. మా అమ్మ వితంతు పింఛను ఆగి నాలుగు నెలలైంది. ఎప్పుడడిగినా "పైనుంచి రాలేదు" అనేవాళ్లు. ఆ రోజు మెట్ల మీద అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే మీరు వచ్చి పక్కన కూర్చున్నారు. మీ పని మానుకుని, తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయించారు: పింఛను ఏ తేదీన, ఏ కారణంతో ఆపారు, ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి అని. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలని మీరు చెప్పేదాకా మాకు తెలీదు. రశీదు చేతికొచ్చేదాకా కదలొద్దన్నారు, అదే మమ్మల్ని కాపాడింది. ఆధార్‌లో ఒక్క అంకె తప్పు పడిందట, అంతే!

పింఛను మళ్లీ వస్తోంది. మొన్న మా అమ్మే పక్కింటి పిన్నిచేత దరఖాస్తు రాయించింది. మా ఇంటిల్లిపాదీ మీకు దండాలు అక్కా.