వాయిదా డబ్బు అడిగే ముందు ‘ఎట్టుండావమ్మా’ అని అడగలేమా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో పదిహేడేళ్లుగా పొదుపు గ్రూపులో ఉన్నాను. అందులో ఆరేళ్లు లీడరుగా చేశాను. మా గ్రూపుల్లో ఆడవాళ్లం ఒకరితో ఒకరం మాట్లాడుకునే తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. పక్క ఊళ్ల అక్కచెల్లెళ్లు కూడా మా దగ్గరా ఇదే జరుగుతోందని చెప్పాకే రాయడానికి ధైర్యం వచ్చింది.

పొగాకు ధర పడిపోయిన వేసవిలో జరిగింది ఇది. వేలం కేంద్రానికి పంపిన బేళ్లు కొనేవాళ్లు లేక నోబిడ్ అయి వెనక్కొచ్చిన ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి కోడలు మా గ్రూపు సభ్యురాలు. తీసుకున్న అప్పుకు రెండు వాయిదాలు కట్టలేకపోయింది. ఒకరు ఆగితే గ్రూపు మొత్తానికి చెడ్డపేరు, గ్రూపుకు బ్యాంకు ఇచ్చే తర్వాతి లింకేజీ రుణానికి ఎసరు. ఒకపక్క బ్యాంకు నుంచి ఫోన్లు, ఇంకోపక్క గ్రూపుల పుస్తకాలు చూసే యానిమేటర్ నుంచి ఫోన్లు. ఆ టెన్షన్‌లో ఏడుగురం కలిసి పొద్దున్నే ఆమె ఇంటికి పోయాం.

వసారాలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి చాప పరిచింది. మేం కూర్చోలేదు. “డబ్బు తీసుకునేటప్పుడు అందరికంటే ముందుంటివి గదా” అని ఒకామె అంది. “మీ ఆయన టీ బంకు కాడ కూర్చోవడానికి మాత్రం డబ్బులుంటాయా?” అని ఇంకొకామె. నేనన్న మాట కూడా దాచకుండా రాస్తున్నాను. “సిగ్గుంటే సాయంత్రంలోగా కట్టు” అన్నాను. చుట్టుపక్కల వాళ్లు గోడల మీదుగా చూస్తున్నారు. ఆమె ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. మళ్లీ కూర్చుని గింజలు తీస్తూనే ఉంది. కానీ గింజను పండు కుప్పలో వేస్తోంది, పండును గింజల గిన్నెలో వేస్తోంది. అది నా కళ్లతో చూశాను. చూసి కూడా ఏమీ అడక్కుండా వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఆమె కుళాయి దగ్గరికి రాలేదు, కూలి పనికీ రాలేదు. మా గ్రూపులో అందరికంటే పెద్దావిడ ఒకరున్నారు, అందరం అత్తా అని పిలుస్తాం. ఆ రోజు మాతో ఆమె రాలేదు. పది రోజుల తర్వాత ఒక్కతే ఆ కోడలి ఇంటికి పోయింది. వాయిదా మాట ఎత్తలేదు. “ఏందమ్మా, ఎట్టుండావు? అన్నం తిన్నావా?” అని అడిగి, అక్కడున్న వేరుశనక్కాయలు ఒళ్లో పోసుకుని ఒలుస్తూ కూర్చుంది. గంటసేపు ఇద్దరి మధ్యా మాటల్లేవట. తర్వాత ఆ పిల్లే నోరు తెరిచి, “రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదత్తా, బతకాలని లేదు” అంది. అప్పుడు మనలో ఎవరమైనా అనే మాట “ఛీ, అవేం మాటలు, పిల్లల మొహం చూడు” అనే కదా. అత్త అలా అనలేదు. “ఎన్నాళ్ల నుంచమ్మా?” అని అడిగింది. నెల రోజులుగా లోపల దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. అప్పు కన్నా మేం గుమ్మంలో నిలబడి అన్న మాటలే ఎక్కువ కుమిలించాయని ఆమె చెప్పిందట.

ఇంటర్ చదివే అత్త మనవరాలు ఫోన్‌లో 14416 నొక్కి ఇచ్చింది. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అవతలి మనిషి “చెప్పండమ్మా, వింటున్నాను” అన్న మాటకే ఈమె ఏడ్చేసిందట. వాళ్ల సలహాతో నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరుకు చూపించారు. ఇప్పుడు మందులు వాడుతోంది, పొగాకు కుట్టే పనికి వస్తోంది. ఆమెను అడిగి, సరే అన్నాకే ఇదంతా రాస్తున్నాను. మేమందరం ఇంటికి పోయి క్షమించమని అడిగాం. ఆమె ఈసారి కూడా చాప పరిచింది.

మన జిల్లా ఆడవాళ్లకు కూర్చుని మాట్లాడుకోవడం కొత్త కాదు. దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ, ఎవరింట్లో సారా ఏం చేస్తోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాటల్లోంచే ఉద్యమం పుట్టి 1992లో సారా వేలం పాటలను అడ్డుకుంది. ఆ తర్వాతే మన జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి మొదలైంది. అంటే కష్టం చెప్పుకోవడం ముందు వచ్చింది, డబ్బు తర్వాత వచ్చింది. ఇప్పుడు మా మీటింగుల్లో డబ్బు లెక్క తప్ప ఇంకోటి లేదు. సంతకాలు పెట్టించుకుని పావుగంటలో లేస్తున్నాం. ఎవరి మొహం వాడిపోయిందో చూసే తీరిక ఎవరికీ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు ఇళ్ల మీదికి వచ్చి పరువు తీస్తున్నారని 2010లో మన రాష్ట్రమే చట్టం తెచ్చింది. వాయిదాలు పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ వచ్చే చోటే కట్టించుకోవాలని అందులో ఉంది. బయటివాళ్లు చేస్తే తప్పయిన పని, ఒకే చాప మీద కూర్చునే మనం చేస్తే తప్పు కాకుండా పోతుందా?

మా వైపు పెద్దవాళ్లు ‘ఏమే’ అని పిలిస్తే ఎవరికీ కష్టంగా ఉండదు, అందులో ప్రేమే ఉంటుంది. నలుగురూ చూస్తుండగా గుమ్మంలో నిలబడి అన్న ‘ఏమే’ వేరు. బ్యాంకు కౌంటరులో తల్లి వయసు ఆమెను ‘నువ్వు పక్కకు జరుగు’ అనడం కూడా అలాంటిదే. సిబ్బందికి పని ఒత్తిడి ఉంటుంది, కాదనను. కానీ ‘మీరు’ అనడానికి అదనంగా పట్టే సమయం ఏముంది?

మా గ్రూపులో ఇప్పుడు ఒక తీర్మానం రాసుకున్నాం. మీటింగులో మొదటి పది నిమిషాలు లీడరు పుస్తకం మూసి పక్కన పెడుతుంది. చెప్పుకోవాలనుకున్న వాళ్లు చెప్పుకుంటారు, మిగిలినవాళ్లు వింటారు. అక్కడ విన్నది బయట మాట్లాడకూడదు. ఎవరైనా వాయిదా కట్టలేకపోతే ఇద్దరే పోవాలి, ఇంట్లోకి వెళ్లి కూర్చుని మాట్లాడాలి. వసూలు తగ్గుతుందని కొందరు భయపడ్డారు. ఆ పిల్ల బాకీ మూడు నెలల్లో తీరిపోయింది.

జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. పుస్తకాలు ఎలా రాయాలో యానిమేటర్లకు శిక్షణ ఇస్తున్నారు. కష్టంలో ఉన్న సభ్యురాలితో ఎలా మాట్లాడాలో కూడా ఒక పూట నేర్పించండి. ప్రతి గ్రూపు తీర్మానాల పుస్తకం అట్ట మీద 14416 అని పెద్ద అంకెల్లో అచ్చు వేయించండి. చదువు రాని మా అత్తలాంటి వాళ్లు కూడా అంకెలు గుర్తుపడతారు.

ఇట్లు,
ఒక పొదుపు గ్రూపు సభ్యురాలు,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా.