ఎర్రగడ్డ నారు కొనే ముందు ఒక మాట

మా నర్సరీకి వచ్చే మిద్దె తోటలవాళ్లందరికీ నమస్కారం. ఎర్రగడ్డ, అదే ఉల్లి, నారు ఎప్పుడిస్తారని చాలామంది ఫోన్ చేస్తున్నారు. నవంబరు రెండో వారం నుంచి ఇస్తాం. అయితే ఖర్చు మిగులుతుందనే ఆశతో కొనేవాళ్లకు ముందే చెప్తున్నాను, మిగలదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న గ్రో బ్యాగులో పదిహేను మొక్కలకు మించి పట్టవు. గడ్డ ఒక్కోటి 60, 70 గ్రాములు తూగినా నాలుగు నెలలకు చేతికొచ్చేది కిలో. 2025లో మన కర్నూలు యార్డులో ధర పడిపోతే ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. అంటే కిలో 12. గూడూరు, కోడుమూరు, సి.బెళగల్ వైపు రైతులు అంత కష్టపడి పండించి నష్టపోయారు. గడ్డలు కావాలంటే వాళ్ల పంట కొనండి, సంతోషం.

మిద్దె మీద పెంచేది వేరే లాభానికి. మందు కొట్టని కాడలు రోజూ కోసుకోవచ్చు. గడ్డ నిమ్మకాయంత అయినప్పుడు కాడతో సహా పీకి, కడిగి, వేడి జొన్నరొట్టెలోకి నంజుకుంటే ఆ తీపీ ఘాటూ బజారు సరుకులో దొరకవు. అందుకోసమైతే తప్పకుండా పెంచండి.

ఈసారి విత్తనాల ప్యాకెట్లు అమ్మడం లేదు. ఎర్రగడ్డ విత్తనం ఏడాది దాటితే సరిగ్గా మొలవదు, ప్యాకెట్ పైనుంచి చూస్తే పాతదో కొత్తదో తెలియదు. ఇంకో సంగతి. పోయిన సీజన్లో కొందరు ఆన్‌లైన్లో తెప్పించిన విత్తనం వేసి, కాడలు మోకాలెత్తు పెరిగాయి గానీ గడ్డే ఊరలేదని ఫొటోలు పంపారు. చలి దేశాల రకాలకు రోజుకు 14 గంటల పగలు ఉంటేనే గడ్డ ఊరుతుంది. మన దగ్గర జూన్‌లో కూడా పగలు 13 గంటలు దాటీ దాటనట్టుంటుంది. అలాంటి రకానికి ఎంత ఎరువు వేసినా ఫలితం ఉండదు. మేం పోసిన నారు భీమా శక్తి, అగ్రిఫౌండ్ లైట్ రెడ్. రెండూ రబీకి సరిపోయే ఎర్ర రకాలే. రకం పేరు, నారు పోసిన తేదీ ప్రతి కట్టకీ రాసి కడతాం.

రకం మంచిదైనా నీడలో పెడితే, గడ్డ ఊరే సమయంలో యూరియా చల్లితే కాడలకే బలం పోతుంది. నాటిన నెలన్నర తర్వాత నత్రజని ఎరువులు ఆపేయండి. గడ్డ సగం మట్టి పైకి తేలితే కంగారుపడి కప్పేయకండి, దాని పెరుగుదలే అంత.

నీళ్ల విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. బ్యాగు అంచున తెల్లగా పొరలా పేరుకుంటోందంటే మీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుందని. ఎర్రగడ్డ ఉప్పు తట్టుకోదు, ఆకు కొసల నుంచి ఎండుతూ వస్తుంది. వీలైతే కుళాయి నీళ్లే పోయండి. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి తక్కువ తక్కువగా, తరచుగా పోయాలి. సగం మొక్కల కాడలు మెడ దగ్గర మెత్తబడి వాటంతటవే వాలితే నీళ్లు ఆపేసి, పది రోజులకు పీకండి. నీడలో ఆరాక మెడ అంగుళం వదిలి కోస్తే కొన్ని నెలలు నిల్వ ఉంటాయి.

కట్ట ధర 30 రూపాయల నుంచి 40కి పెంచుతున్నాం. విత్తనం, కూలి రెండూ పెరిగాయి, పాత ధరకు గిట్టడం లేదు. జనవరి సగం దాటాక అడిగినా నారు ఇవ్వం. అప్పుడు నాటితే గడ్డ ఊరకముందే ఎండలు ముదురుతాయి, మీ డబ్బు వృథా. పొద్దున పీకిన నారు అదే సాయంత్రం నాటుకోవాలి కాబట్టి, ముందే మట్టి కలిపి పెట్టుకుని పది గంటల లోపు రండి.