కానిస్టేబుళ్ల వారపు సెలవు గురించి డీజీపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ డీజీపీ గారికి,

నమస్కారములు. కానిస్టేబుళ్ల వారపు సెలవు గురించి కుటుంబాల తరఫున పంపిన వినతిపత్రాలకు జవాబు రానందున, ఈ మాటను నలుగురి ముందూ చెప్పవలసి వస్తోంది.

పోలీసు శాఖలో అన్నిటికంటే కింది హోదా కానిస్టేబుల్‌ది. అయినా ఆపదలో ఉన్న మనిషికి ముందుగా ఎదురయ్యే ప్రభుత్వం ఆయనే. రాత్రి బీటు తిరిగేది, కోర్టు సమన్లు ఇంటింటికీ అందజేసేది, రిమాండు ఖైదీకి ఎస్కార్టుగా వెళ్లేది, పోస్టుమార్టం పూర్తయ్యేవరకు మార్చురీ బయట శవానికి కాపలా ఉండేది ఆయనే. దర్యాప్తు అధికారం సాధారణంగా పై హోదాల వారిదే అయినా, ఆ దర్యాప్తుకు కాళ్లూ చేతులూ ఈయనే.

2019 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం పోలీసులకు వారపు సెలవు ప్రకటించినప్పుడు మేమెంతో సంతోషించాం. ఇప్పుడు మా వారు పనిచేసే స్టేషన్‌లో జాతరో, వీఐపీ పర్యటనో వచ్చిందంటే చాలు, ఆ సెలవు రద్దవుతోంది. తర్వాత దానికి బదులు ఇవ్వడమూ లేదు. మొన్న బందోబస్తు నుంచి వచ్చి బూట్లు విప్పితే, మేజోళ్లు పుండ్లకు అంటుకుపోయి, గోరువెచ్చని నీళ్లు పోసి తీయవలసి వచ్చింది. అంతగా అలసిన మనిషి, మర్నాడు ఏడుస్తూ వచ్చిన ఫిర్యాదుదారుతో ఓపికగా మాట్లాడాలని ఆశించడం ఆమెకైనా, ఆయనకైనా న్యాయమేనా?

ప్రతి స్టేషన్‌లోనూ వారపు సెలవుల పట్టికను నోటీసు బోర్డుపై పెట్టించాలని, రద్దయిన ప్రతి సెలవుకూ పదిహేను రోజుల్లోగా బదులు ఇప్పించాలని, ఇవ్వలేకపోతే సంబంధిత అధికారి కారణాన్ని రాతపూర్వకంగా తెలిపేలా ఉత్తర్వు జారీ చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కానిస్టేబుల్ భార్య