చలికాలంలో కుక్కలకు పొడి చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో చలి ఎక్కడుందని అడిగేవారు చాలామంది ఉన్నారు. లంబసింగిలో 10 డిగ్రీల లోపుకు దిగిపోయే రాత్రి ఉష్ణోగ్రత నగరంలో సాధారణంగా 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది గనుక, ఒంటిమీద స్వెట్టరు ఉన్న మనిషికి ఆ మాట సరిపోతుంది. అయితే మన ఊరి చలికాలం పొడిగా రాదు. అక్టోబరు వానలతో, వాయుగుండాలతో మొదలై ధనుర్మాసపు మంచుతో ముగిసే ఆ మూడు నాలుగు నెలలూ తెల్లవారేసరికి మెట్లు, వరండాలు, రోడ్డు పక్క మట్టి చెమ్మగా ఉంటాయి. ఇంటి కుక్కకైనా వీధి కుక్కకైనా గాలిలోని చలికంటే పడుకునే చోట ఉన్న ఈ చెమ్మే ఎక్కువ హాని చేస్తుందని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా ఇంటి కుక్కకు ఇప్పుడు 12 ఏళ్లు. రెండేళ్ల కిందట డిసెంబరులో అది పొద్దున్నే లేవడానికి మొరాయించేది. లేచినా వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పది అడుగులు వేశాక గానీ నడక సాగేది కాదు. వయసు మీద పడిందనుకుని ఊరుకున్నాం. చివరికి పశువైద్యుడు చూసి, అవి కీళ్లనొప్పులనీ, రాత్రంతా బాల్కనీ టైల్స్ మీద పడుకోవడంతో ఎక్కువవుతున్నాయనీ చెప్పారు. గాలి కొట్టని మూలలో నేలకు నాలుగంగుళాల ఎత్తున చెక్కపలక వేసి, దానిమీద గోనెసంచి, పైన పాత దుప్పటి పరిచాక కొద్ది రోజుల్లోనే దాని నడకలో తేడా తెలిసింది. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు మా ఇంట్లో ఒకరు పారాసిటమాల్ సగం బిళ్ల వేద్దామన్నారు. వేయకపోవడం మా అదృష్టం. ఆ మందు కుక్కల కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్ అయితే కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది. పైగా ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది కాబట్టి, చేత్తో తాకి జ్వరమని నిర్ణయించుకోవడం కూడా పొరపాటే.

స్నానం విషయంలో ఒక్క మాట చాలు: ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం పూట చేయించి, వెంట్రుకల మొదళ్ల దాకా ఆరేలా తుడవాలి. సాయంత్రం బీచ్‌కు తీసుకెళ్లి అలల్లో తడిపినవారు కూడా ఉప్పునీరు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఒళ్లు ఆరాకే పడుకోనివ్వాలి.

నా అసలు బాధ వీధిలో పుట్టే కుక్కపిల్లల గురించి. మన దగ్గర వీధి కుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో ఎదకు వస్తాయి. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. అందుకే సరిగ్గా చలి ముదిరే వేళకు కల్వర్టుల కిందా, ఇసుక గుట్టల పక్కనా, సెల్లార్లలోనూ పిల్లలు కనిపిస్తాయి. పుట్టిన మొదటి వారంలో ఆ పిల్లకు వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్టను, తోబుట్టువులను ఆనుకుని ఉంటేనే దానికి వేడి. చల్లబడిపోయిన పిల్ల కనబడగానే జాలితో ఆవుపాలు పోస్తారు. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు దాని పేగులు పనిచేయవు, మింగబోయిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ముందు గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి, మెల్లగా వేడెక్కాక తల్లి దగ్గరకు చేర్చడమే సరైన పద్ధతి. రాత్రి వెచ్చదనం కోసం కారు కిందికి, టైరు చాటుకు చేరే పిల్లలూ ఉంటాయి కనుక, పొద్దున్నే బండి తీసేవారు ఒకసారి వంగి చూసి, బానెట్ మీద తట్టాలని వేడుకుంటున్నాను.

ఈ పిల్లలు చలికి తట్టుకున్నా పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బులు వాటిని వదలవు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి నిలుస్తుంది. డిస్టెంపర్ వైరస్ వేడికి త్వరగా నశించినా చల్లదనంలో ఎక్కువ సేపు బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, 16 వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ వేయించాలి. ఇంట్లో పెంచుకునేవారు సైతం మొదటి టీకాతో ఆపేయడం నేను చాలాసార్లు చూశాను.

అపార్ట్‌మెంట్ సంఘాలవారికి నా మనవి ఒక్కటే. జనవరి చివరి వరకు సెల్లారులో బండ్లకు అడ్డురాని ఒక మూల రెండు పొడి గోనెసంచులు పరవనివ్వండి, తడిసినప్పుడు మార్చే పని కుక్కలకు అన్నం పెట్టేవారే చూసుకుంటారు. కుక్కల సంతాన నియంత్రణకు 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం శస్త్రచికిత్సలు చేయించే మహా విశాఖ నగరపాలక సంస్థ, పాలిచ్చే తల్లులను పిల్లలు పాలు మానేదాకా పట్టుకెళ్లకుండా చూడాలి. రేబిస్ టీకాలతో పాటు వీధి కుక్కపిల్లలకు పార్వో, డిస్టెంపర్ టీకాల శిబిరాలను కూడా వార్డుల వారీగా నవంబరు నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం